వెనక గదికి వైఫై అందకపోతే ఎవరిని అడగాలి?

కర్ణాటక పావగడ తాలూకాలో పట్టుచీరలు నేసే వై.ఎన్.హొసకోటలో పెద్ద ఇల్లంటే ముందు వీధి గది, ఆ తర్వాత నడిమిల్లు, వెనక మగ్గాలు, మీద పిల్లలు చదువుకునే మేడగది. ఫైబర్ లైన్ వీధి గదిలోకి వస్తుంది. కేబులాయన రూటర్‌ను అక్కడే గోడకు బిగించి వెళ్లిపోతాడు. ముందు గదిలో వీడియో ఆగకుండా ఆడుతుంది. మగ్గం దగ్గర నుంచి చీర ఫొటో పంపబోతే పోదు, మేడమీద పిల్ల రాసే ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో తెగిపోతుంది. నెలనెలా డబ్బు పూర్తిగా కడుతున్నాం కదా, కంపెనీ మీద కేసు వేయొచ్చా అన్నది ఇలాంటి ఇళ్లవాళ్ల ప్రశ్న.

వేయొచ్చు. అయితే లోపం లైన్‌లో ఉందా, ఇంట్లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. కరెంటు విషయంలో మీటరు దాకా విద్యుత్ సంస్థ బెస్కాం బాధ్యత, మీటరు దాటాక ఇంటి వైరింగ్ మనది. ఇంటర్నెట్‌కూ దాదాపు అదే లెక్క. రూటర్ దాకా చెప్పిన వేగం తెచ్చి ఇవ్వడం కంపెనీ పని. ఆ పైన రాతిగోడలు, ఆర్‌సీసీ స్లాబు, ఇనుప బీరువాలు సిగ్నల్‌ను మింగేస్తే, వేరే మాట ఇచ్చి ఉంటే తప్ప, దానికి కంపెనీ జవాబుదారీ కాదు.

తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. రూటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నేరుగా వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి రద్దీ వేళ ఒకసారి, అలా కొన్నాళ్లు చేసి, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వైఫై మీద తీసిన టెస్టును కంపెనీ వకీలు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు: "గోడ అడ్డం వచ్చింది." వైరు మీద తీసిన దానికి ఆ సాకు చెల్లదు. కేసు నిలబడేదీ, పడిపోయేదీ చాలావరకు ఇక్కడే.

వైరు మీద కూడా వేగం రాకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెప్పే సేవా లోపం. బ్రాడ్‌బ్యాండ్ అని పేరు పెట్టాలంటే డౌన్‌లోడ్ వేగం కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం 2023 జనవరిలో నిర్ణయించింది. అది అట్టడుగు హద్దు మాత్రమే. మీరు కొన్న ప్లాన్‌లో ఎంత రాశారో అంత అడిగే హక్కు మీకుంది. "100 ఎంబీపీఎస్ వరకు" అన్నప్పుడు ఆ "వరకు" చాటున కంపెనీ దాక్కుంటుంది. కానీ రోజూ అందులో పదో వంతు కూడా రాకపోతే ఆ ప్రకటనే తప్పుదోవ పట్టించేదని వాదించవచ్చు.

వైరు మీద వేగం బాగుండి, వెనక గదుల్లోనే రాకపోతే దారి వేరు. ముందు బిల్లు, ప్లాన్ కాగితం, అమ్మినవాళ్లు పంపిన మెసేజీలు తిరగేయండి. "ఇల్లంతా వైఫై" అని చెప్పి, దానికోసం అదనంగా డబ్బు తీసుకుని ఉంటే గోడల సాకు చెప్పే అర్హత కంపెనీ పోగొట్టుకున్నట్టే. మీ ఇల్లు ఎంత పెద్దదో చూసే కదా లైన్ వేసింది. అందుకే కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఏయే గదుల్లో ఎంత వేగం వస్తుందో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

అలాంటి మాట ఏదీ లేకపోతే కోర్టు కన్నా మరమ్మతే మేలు. రూటర్‌ను ఇంటి నడిమధ్యకు, ఎత్తులోకి మార్చమనండి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగం ఎక్కువ, గోడ దాటే సత్తువ తక్కువ, 2.4 గిగాహెర్ట్జ్‌ది దీనికి తలకిందులు. మగ్గాల గదికి వైరు లాగి అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన పని. మెష్ సెట్ బాగానే పనిచేస్తుంది గానీ మందపాటి గోడలున్నచోట దాన్నీ వైరుతోనే కలపాలి. చవక ఎక్స్‌టెండర్లు చాలావరకు వేగాన్ని సగానికి తెస్తాయి. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం కొట్టేముందు యజమాని అనుమతి తీసుకోండి.

ఈ పరికరాలు ఆన్‌లైన్‌లో కొని, పెట్టె మీద రాసినట్టు పనిచేయకపోతే ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన గుణం లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆ వేదిక ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

లైన్ లోపానికి మొదటి మెట్టు కంపెనీయే. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా డాకెట్ నంబర్ అడగండి. ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. మరమ్మతు మూడు రోజులు దాటితే ఆలస్యాన్ని బట్టి నెట్ నెలసరి అద్దెలో రాయితీ ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా ప్రమాణాలు చెబుతాయి. అడగనివాళ్లకు అది దక్కడం అరుదు. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. మరోపక్క జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనూ, కన్నడలోనూ మాట్లాడవచ్చు.

టెలికాం గొడవలు వినియోగదారుల కోర్టుకు రావని ఇప్పటికీ కొందరు భయపెడుతుంటారు. 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు అలాగే ఉండేది, దానివల్ల ఎన్నో ఫిర్యాదులు గడప దగ్గరే ఆగిపోయాయి. వొడాఫోన్ ఐడియా కేసులో 2022 ఫిబ్రవరి 16న అదే కోర్టు ఆ అడ్డు తొలగించింది. ఇప్పుడు నిస్సంకోచంగా వెళ్లవచ్చు.

మూడు వైపులా ఆంధ్ర ఉన్న పావగడ తాలూకావాళ్లకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. రూటర్‌ను ధర్మవరంలోనో హిందూపురంలోనో కొని ఉండొచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉండొచ్చు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే తుమకూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవాడి ఊరికి పరుగెత్తాల్సిన పని లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేసి, విచారణ వీడియోలో జరపమని కోరవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కట్టిన అద్దె వాపసు, ఖర్చులు, సబబైన పరిహారం అడగండి. నెట్ రాలేదని లక్షలు అడిగితే న్యాయమైన కోరికకు కూడా బలం తగ్గుతుంది.

నేతపనికీ అదే నెట్ వాడుతున్నారు కాబట్టి మీరు వ్యాపారులు, వినియోగదారులు కారని కంపెనీ అనవచ్చు. ఇంటి పేర, ఇంటి ప్లాన్ మీద, ప్రధానంగా కుటుంబ అవసరాలకు తీసుకున్న కనెక్షన్ అని గట్టిగా చెప్పండి. సొంత చేతులతో బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువు కొనడం వాణిజ్యం కిందికి రాదని చట్టమే అంటోంది.

ఒక హెచ్చరిక. వైఫై ఎక్స్‌టెండర్ వాడటం చట్టబద్ధమే. సెల్ సిగ్నల్ పెంచుతుందని అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే మొబైల్ బూస్టర్ మాత్రం అలా కాదు. లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ దాన్ని అమ్మకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, వాడకూడదు అని కేంద్ర టెలికాం శాఖ 2022లో స్పష్టంగా చెప్పింది. దానివల్ల చుట్టుపక్కల అందరి ఫోన్లూ దెబ్బతింటాయి. ఇప్పటికే బిగించి ఉంటే తీసేయండి. ఇంట్లో వైఫై సరిగా ఉంటే చాలా ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చేసుకుని మాట్లాడుకోవచ్చు. బయట కూడా సిగ్నల్ లేకపోతే మీ ఊరిలో కవరేజ్ ఉన్నట్టు కంపెనీ తన వెబ్‌సైట్ మ్యాప్‌లో చూపిస్తోందేమో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి ఫిర్యాదుకు జతపరచండి.