ధాన్యం లెక్క తెలిస్తే.. సప్లై చైన్‌లో కొలువు

డిగ్రీ చేతికి రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యువత చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతారు. అక్కడ ఫీజు కట్టి నేర్చుకునే సప్లై చైన్ మేనేజ్‌మెంట్ మన కళ్లముందే నడుస్తోంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం మిర్యాలగూడ మిల్లులకు చేరుతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి ఫ్యాక్టరీల నుంచి సిమెంట్ లారీలు బయల్దేరతాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా వెళ్లే 65వ జాతీయ రహదారి హైదరాబాద్‌ను విజయవాడతో కలుపుతోంది. కొనుగోలు, నిల్వ, రవాణా, పంపిణీలను ఒక్క తాటిపై నడపడమే ఈ రంగం పని.

ఏం మారుతోంది?

సరుకు కన్నా ముందు దాని సమాచారం కదులుతోంది. 2017లో జీఎస్టీ, 2018లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్ పత్రం), 2021లో తప్పనిసరి ఫాస్టాగ్ వచ్చాక లారీ ప్రయాణం చాలావరకు ఆన్‌లైన్‌లో నమోదవుతోంది. సాధారణ సరుకుకు ఈ-వే బిల్లు గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. కోదాడ దగ్గర బండి ఆగిపోతే, గడువు ముగిసేలోగా ఏం చేయాలో తెలిసిన డిస్పాచ్ ఉద్యోగి కంపెనీకి కావాలి.

ప్రభుత్వ నిర్ణయం మిల్లు గోదాం దాకా వస్తుంది. 2023 జులైలో కేంద్రం నాన్ బాస్మతి తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఇలాంటి మలుపుల్లో ఏ రకం ఎంత కొనాలి, ఎక్కడ నిల్వ చేయాలి, ఎప్పుడు పంపాలి అని తేల్చేవారే ప్లానర్లు. గిరాకీని అంచనా వేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు పెద్ద కంపెనీల్లోకి వచ్చాయి. అయితే వాటికి ఇచ్చే అంకె తప్పయితే అంచనా కూడా తప్పుతుంది. గోదాంలోని బస్తాలకూ కంప్యూటర్‌లోని అంకెకూ పొంతన కుదిర్చే మనిషి విలువ అందుకే పెరుగుతోంది.

ఒక లెక్క చేసి చూడండి

17 శాతం తేమతో 100 క్వింటాళ్ల ధాన్యం కొన్నారు. 14 శాతానికి ఆరబెడితే ఎంత మిగులుతుంది? తేమ పోగా అసలు పదార్థం 83 క్వింటాళ్లు. దాన్ని 0.86తో భాగిస్తే సుమారు 96.5. అంటే మూడున్నర క్వింటాళ్లు దొంగ లేకుండానే తగ్గాయి. ప్రభుత్వ ధాన్యాన్ని మరపట్టే మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. ఈ తరుగునూ దిగుబడినీ ఎక్సెల్‌లో చూపగలిగితే ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్‌లో మొదటి పాఠం వచ్చినట్లే.

ఏ ఉద్యోగాలు? ఏ చదువులు?

ఇంటర్, డిగ్రీ వారు స్టోర్స్ అసిస్టెంట్, డిస్పాచ్, బిల్లింగ్, ట్రాన్స్‌పోర్ట్ కోఆర్డినేటర్ పనులతో మొదలుపెట్టవచ్చు. అగ్రికల్చర్, ఫుడ్ సైన్స్ చదివినవారికి నాణ్యత పరీక్ష విభాగం సరిపోతుంది. బీటెక్, ఎంబీఏ వారు ప్రొక్యూర్‌మెంట్, ప్లానింగ్, డేటా అనాలిసిస్ వైపు వెళ్లవచ్చు.

ఇంటర్ తర్వాత బీబీఏ లాజిస్టిక్స్, డిగ్రీ తర్వాత ఆపరేషన్స్‌లో ఎంబీఏ మంచి దారులు. క్యాట్ రాసేవారు ఐఐఎం ముంబైని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఒకప్పుడు దీని పేరు నీటీ (ఎన్‌ఐటీఐఈ). ఖర్చు భరించలేనివారు స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలను ఉచితంగా వినవచ్చు. ఎక్సెల్, ట్యాలీ, జీఎస్టీ బిల్లింగ్ ముందు నేర్చుకుని, తర్వాత శాప్ వంటి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ల వైపు వెళ్లండి. తెలుగుతోపాటు హిందీ మాట్లాడగలిగితే డ్రైవర్లతో, పొరుగు రాష్ట్రాల వ్యాపారులతో పని సులువవుతుంది.

వానాకాలం ధాన్యం వచ్చే అక్టోబరు, నవంబరుల్లో ఒక మిల్లులోనో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనో పని అడగండి. కాంటా దగ్గర నిలబడండి, తేమ మీటరు చదవండి, హమాలీలను, గుమస్తాలను ప్రశ్నలడగండి. లారీ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, ఆ ఆలస్యం ఎలా తగ్గించవచ్చు అన్నది రెండు పేజీల్లో రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌తోపాటు ఆ రెండు పేజీలూ బల్లమీద పెట్టండి.