ఫస్ట్ ఇయర్‌లో మనసు నిలవడం లేదా? గీత చెప్పిన రెండు దారులు

2021-22లో మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. తెలుగు మీడియం ఇంటర్ నుంచి వచ్చిన నాకు మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. పెనుగొండ వాసవీ అమ్మవారి గుడిలో కూర్చుని ‘గట్టెక్కించు తల్లీ’ అని ఏడ్చాను.

మనసు గాలిలాంటిది, పట్టుకోవడం కష్టమని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడే చెప్పుకున్నాడు. కృష్ణుడు కాదనలేదు, తిట్టలేదు. 35వ శ్లోకంలో అభ్యాసం, వైరాగ్యం అని రెండు దారులు చూపించాడు.

నాకు అభ్యాసం అంటే రోజూ ఒక్క పేజీ చదివి, అర్థం కాని మాటలు తెలుగులో రాసుకోవడం. వైరాగ్యం అంటే ఆ గంటసేపు ఫోన్ అమ్మకి ఇచ్చేయడం. ‘ఎందుకురా?’ అని అమ్మ అడిగింది. ఆ రోజే నిజం చెప్పేశాను.

సప్లిమెంటరీలో ఒకటి పాసయ్యాను. రెండోది ఇంకా ఉంది. మీకూ బ్యాక్‌లాగ్ ఉంటే ముందు ఇంట్లో చెప్పండి. రేపు కాదు, ఇవాళే ఒక్క పేజీ తీయండి.

జై వాసవీ!