అచ్చయిన రచన, సత్యమైన సాక్ష్యం

ధ్యానాంశం: ఎనిమిదవ ఆజ్ఞ, మార్కు 12:41-44

మన విచారణల్లో కొందరు పిల్లలు ఇంటర్ కాగానే అమెరికా కళాశాలల్లో డిగ్రీకి దరఖాస్తు చేస్తున్నారు. అక్కడ స్థిరపడిన మన బంధువుల పిల్లలకూ ఇదే సమయం. పత్రికలో అచ్చయిన కథనో వ్యాసాన్నో దరఖాస్తుకు జతపరచవచ్చునా? జతపరచవచ్చు. అయితే మూడు సంగతులు గమనించాలి.

1. అడిగినచోటనే పంపాలి. అన్ని కళాశాలలకూ ఒకే నియమం లేదు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వంటి శాఖలున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అదనపు రచనలు తీసుకోదు. తానిచ్చే 8 ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కొక్కటి 350 మాటలు మించకుండా జవాబులు కోరుతుంది. ప్రిన్స్‌టన్ అడిగేది ఉపాధ్యాయులు దిద్ది మార్కులు వేసిన తరగతి వ్యాసం. పత్రికలో వచ్చిన కథ దానికి బదులు కాదు. రచన వద్దన్నచోట కార్యకలాపాల పట్టికలో పత్రిక పేరు, సంవత్సరం వ్రాస్తే చాలు.

2. మంచిది ఒక్కటి చాలు. పేద వితంతువు కానుకను ప్రభువు లెక్కపెట్టి మెచ్చుకోలేదు. విచారణ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసమైనా బిడ్డ మనసు తెలిపేదైతే విలువైనదే. డబ్బు కట్టించుకొని ఎవరిదైనా అచ్చువేసే పత్రికలో పేరు కనబడినంత మాత్రాన గౌరవం రాదు. రచన తెలుగులో ఉంటే మూలంతోపాటు ఆంగ్లానువాదం జతపరచి, అనువదించినది ఎవరో చెప్పాలి.

3. అది బిడ్డదే కావాలి. వెయ్యికి పైగా కళాశాలలు వాడే కామన్ అప్లికేషన్‌లో, పంపినదంతా తన సొంతమనీ సత్యమనీ విద్యార్థి సంతకం చేయాలి. అది అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడ రద్దు కావచ్చు. కృత్రిమ మేధతో వ్రాయించి తనదని పంపినా అక్కడ మోసంగానే లెక్క. ఇద్దరు కలిసి వ్రాస్తే ఇద్దరని చెప్పాలి. మాస్టారు తప్పులు దిద్దడం సహాయం. మాస్టారే వ్రాసిపెట్టడం అబద్ధసాక్ష్యం. తల్లిదండ్రులారా, సీటు రాకపోతే మరో కళాశాల ఉంటుంది. కాని పదిహేడేళ్ల బిడ్డ చేత మనమే అబద్ధానికి సంతకం పెట్టిస్తే, ఆ పాఠాన్ని ఏ కళాశాల చెరిపివేస్తుంది?

పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ 1594లో షాబ్లే ప్రాంతానికి వెళ్లారు. ప్రసంగాలు వినడానికి జనం రాకపోతే, సత్యాన్ని కాగితాలపై వ్రాసి ఇళ్ల తలుపుల క్రింద నుండి లోపలికి చేర్చారు. 1923లో 11వ పయస్ పోపుగారు ఆయనను రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించారు. జనవరి 24న ఆయన పండుగ. దరఖాస్తు పంపే ముందు ఆయన వేడుదల కోరుదాం.

కుటుంబంలో చర్చించండి:
1. ఈ రచనలో బిడ్డ సొంత మాట ఎంత? సహాయం ఎంత?
2. ఎవరి సహాయమైనా దాచిపెడుతున్నామా?
3. సీటు రాకపోయినా ఈ రచనను చూసి సంతోషిస్తామా?