తక్కువ నీళ్లతో పూలతోట

మధ్యధరా సముద్ర తీరాల్లో ఎండాకాలం వానలు బహు తక్కువ. అందుకే అక్కడివాళ్లు ఎండకు ఓర్చే మొక్కలు పెంచుతారు. వాటిలో గన్నేరు, దానిమ్మ మనకూ తెలిసినవే.

2008లో విమానాశ్రయం మొదలైన శంషాబాద్‌లోనే మా ఇల్లు. వాకిట్లో పచ్చగడ్డి పెంచుదామంటే, బిందెలతో నీళ్లు మోసే అమ్మ ‘తాగడానికే చాలవు బిడ్డా’ అంది. అప్పుడు దానిమ్మ, కలబంద, కాగితంపూలు నాటాను.

అక్కడ వానలు చలికాలంలో పడతాయి, మనకు జూన్ నుంచి. కాబట్టి తొలకరికే నాటాలి. నీరు నిలవకుండా మట్టిలో ఇసుక కలపాలి. మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ త్వరగా ఆరదు. మొదటి వేసవి మాత్రం తప్పక నీళ్లు పోయాలి. గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషమే. పిల్లలు, మేకలు తిరిగేచోట వద్దు.

ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్లే మా మొక్కలకు చాలు. వచ్చే జూన్‌లో మన హాస్టల్ ముందూ నాటుదాం!