పసిచేతుల పూజ

స్వామి దర్శనానికి వచ్చే తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు తరచుగా ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. “శాస్త్రిగారూ, మా పిల్లలకు భక్తి కలగాలంటే ముందుగా ఏ స్తోత్రం నేర్పించమంటారు?” స్తోత్రాలు నేర్పవలసినవే. అయితే నాలుగేళ్ల బిడ్డకు నోటికంటె ముందు చేయి పని అడుగుతుంది. పూజ జరుగుతున్నంతసేపూ “అది ముట్టుకోకు, ఇది తీయకు” అని కూర్చోబెడితే ఆ బిడ్డకు పూజ అంటే కదలకుండా ఉండవలసిన కాలమని మాత్రమే తెలుస్తుంది. కనుక వారితో నేను చెప్పేది ఒక్కటే: ముందు ఆ చేతికి పూజలో ఒక పని అప్పగించండి.

గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయంలో, భక్తితో సమర్పించినది ఆకు అయినా, పువ్వు అయినా, పండు అయినా, నీరు అయినా తాను ప్రీతితో స్వీకరిస్తానని సెలవిచ్చాడు. ఈ నాలుగూ మూడేళ్ల బిడ్డ చేతికి అందేవే, చేతిలో ఇమిడేవే. భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు తోటి బాలురను కూర్చోబెట్టుకొని, భాగవతధర్మాలను పసితనంలోనే ఆచరించాలని బోధించాడు. ఆచరించాలి అన్నాడు కదా. ఆచరణకు చేయి కావాలి.

ఆటలోని ఆరాధన

మన కావ్యపురాణాలలో పిల్లల చేతిపనికి గౌరవస్థానం ఉన్నది. కుమారసంభవం ప్రథమసర్గలో కాళిదాసు పార్వతీదేవి బాల్యాన్ని వర్ణిస్తూ, ఆమె చెలులతో కలిసి మందాకినీ తీరంలో ఇసుక తిన్నెలు కట్టి, బంతులతో, బొమ్మలతో ఆడుకొన్నదని చెప్పాడు. తపస్సు చేసి పరమేశ్వరుని మెప్పించిన తల్లికి తొలి వేదిక ఇసుక వేదికే. భాగవతం దశమస్కంధంలో వ్రేపల్లె కన్యలు కాత్యాయనీ వ్రతం ఆచరించినప్పుడు యమునాతీరాన దేవి ప్రతిమను ఇసుకతోనే చేసుకొన్నారు. వారు శిల్పులు కారు. శిల్పశాస్త్రప్రమాణాలు చూచుకొన్నట్లు కూడ కథలో లేదు. అయినా వారి వ్రతం ఫలించింది.

మొదటి పాఠం: పసుపు గణపతి

ఇంట్లో ఏ పూజ చేసినా మొదట పసుపు గణపతిని నిలుపుతాము. ఆ స్వామికి తొండం ఉండదు, బొజ్జ ఉండదు, చేతులుండవు. పసుపుముద్దను కొసదేరేటట్లు నొక్కి, తమలపాకు మీద బియ్యం పోసి నిలిపి, కుంకుమబొట్టు పెట్టి ఆవాహన చేస్తాము. పిల్లలకు నేర్పదగిన తొలి విగ్రహనిర్మాణం ఇదే.

చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పసుపు వేసి బిడ్డ ముందు పెట్టండి. నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా మీరు పోయండి. కలపడం మాత్రం బిడ్డను కలపనివ్వండి. ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. ముద్ద చేతికి అంటకుండా నిలిచిందంటే పదును కుదిరినట్లే. పాతబట్టలు తొడిగి, కింద కాగితం పరచి చేయిస్తే పసుపుమరకల బెంగ ఉండదు. విదేశాల నుండి వచ్చిన భక్తులు తమ ఊళ్లలో మంచి మన్ను దొరకదని చెబుతూ ఉంటారు. పసుపు దొరకని ఊరు అరుదు. వారు దీనితోనే మొదలుపెట్టవచ్చు.

రెండవ పాఠం: మట్టి వినాయకుడు

భాద్రపద శుద్ధ చవితికి ఈ పని అందరికీ తెలిసినదే. అయినా పిల్లలతో చేయించేటప్పుడు కొన్ని మెలకువలు కావాలి. చెరువుమన్ను తెచ్చి, ఎండబెట్టి, చిదిపి, జల్లెడ పట్టండి. నీళ్లు చల్లి చపాతీపిండి వలె మర్దించి, అందులో కొంచెం దూది పింజలు పింజలుగా విడదీసి కలపండి. ఆరేటప్పుడు బీటలు వారకుండా దూది పట్టి ఉంచుతుంది. పండుగకు మూడు నాలుగు రోజుల ముందు చేసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందుగా బిగుసుకొని పగులుతుంది.

పని వయస్సును బట్టి పంచండి. మూడేళ్ల బిడ్డ ఉండలు చేయగలదు: బొజ్జకు పెద్ద ఉండ, తలకు చిన్న ఉండ. అయిదేళ్ల బిడ్డ కాళ్లకు, చేతులకు, తొండానికి మట్టిని పొడుగ్గా పామగలదు. చెవులకు రెండు బిళ్లలు అద్దగలదు. ఏడెనిమిదేళ్ల పిల్లలు అతికే పని చేయగలరు. అతికేచోట రెండువైపులా పుల్లతో గీతలు పెట్టి, పలుచని మట్టినీరు పూసి నొక్కితే ఊడదు. తొండం గాలిలో వేలాడేటట్లు పెడితే విరుగుతుంది. బొజ్జకు ఆనించి పెడితే నిలుస్తుంది. దంతాలకు రెండు చీపురుపుల్ల ముక్కలు చాలు.

కన్నులకు గురివింద గింజలు పెట్టడం కొన్ని ఇళ్లలో ఆచారం. అవి చూడముచ్చటైనవే కాని విషపూరితాలు. పసిపిల్లలున్న ఇంట వాటిని వాడవద్దు. నల్లని మిరియాలు పెట్టండి. ఏకవింశతి పత్రపూజలోని 21 పత్రాలలో ఉమ్మెత్త, గన్నేరు కూడ విషమే. జిల్లేడుపాలు కంట పడితే ప్రమాదం. ఈ మూడింటిని పెద్దలే పట్టుకోవాలి. మాచి, గరిక, మామిడి, దానిమ్మ, జాజి వంటివి పిల్లల చేతికి ఇచ్చి, ఒక్కొక్కదాని పేరు చెప్పించండి. ఏ ఆకు నున్నగా ఉన్నది, ఏది గరుకుగా ఉన్నది, దేనికి వాసన ఉన్నదని అడగండి. ఆ పూట పూజతోబాటు ఓషధీ పరిచయమూ జరుగుతుంది.

మూడవ పాఠం: పొయ్యి వెలిగించని నైవేద్యాలు

మన పండుగల నైవేద్యాలలో పొయ్యితో పనిలేనివి ఎన్నో ఉన్నాయి. పిల్లలు స్వయంగా చేయగలిగినవి ఇవే.

చైత్ర శుద్ధ నవమికి పానకం, వడపప్పు. ఒక గిన్నెడు తరిగిన బెల్లానికి నాలుగు గిన్నెల నీళ్లు పోసి బిడ్డ చేత కలియబెట్టించండి. కరిగిన తరువాత పలుచని బట్టలో వడగట్టించండి. బట్టలో మిగిలిన నలుసులను చూపితే, స్వామికి ఇచ్చేది శుభ్రంగా ఎందుకుండాలో చెప్పకుండానే తెలుస్తుంది. పిదప కొంచెం మిరియాలపొడి, ఏలకులపొడి. వడపప్పుకు పెసరపప్పు 2 గంటలు నానితే చాలు. నీరు వార్చి, కొబ్బరి తురుము, మామిడి తురుము, కొంచెం ఉప్పు కలపడమే.

శ్రావణ బహుళ అష్టమికి అటుకులు. కడిగి వార్చిన అటుకులలో బెల్లం, కొబ్బరి కలిపించి, కలుపుతున్నంతసేపు కుచేలుని కథ చెప్పండి. కృష్ణుని వంటి మిత్రుని ముందు కూడ ఆ పిడికెడు అటుకులు ఇవ్వడానికి కుచేలుడు సిగ్గుపడ్డాడు. స్వామి తానే అడిగి తీసుకొని తిన్నాడు.

కార్తిక శుద్ధ చవితి, నాగులచవితికి చిమ్మిలి, చలిమిడి. రెండు పాళ్ల నువ్వులకు ఒక పాలు బెల్లం చేర్చి పెద్దలు దంచి ఇస్తే, నువ్వులలోని నూనె ఊరి ముద్ద తానే కట్టుకొంటుంది. ఉండలు చేయడం పిల్లల వంతు. చలిమిడికి బియ్యం రాత్రి నానబెట్టి, ఉదయం వార్చి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లించాలి. రెండు పాళ్ల తడిపిండికి ఒక పాలు బెల్లం తురుము, ఒక చెంచా నెయ్యి, కొంచెం ఏలకులపొడి. పిసికేకొద్దీ బెల్లం కరిగి పిండిని పట్టుకొంటుంది. తడిపిండి నిలువ ఉండదు కనుక ఆ పూటే ప్రసాదం పంచివేయాలి.

వినాయకచవితి ఉండ్రాళ్లకు మాత్రం పొయ్యి కావాలి. ఒక పాలు బియ్యపురవ్వకు రెండు పాళ్ల నీళ్లు, నానిన గుప్పెడు శనగపప్పు, జీలకర్ర, ఉప్పు వేసి పెద్దలు ఉడికించాలి. గోరువెచ్చగా అయినప్పుడు చేతికి నెయ్యి రాసి పిల్లలు ఉండలు చేస్తారు. ఆవిరిమీద ఉడికించే పని మళ్లీ పెద్దలది. 21 ఉండ్రాళ్లు లెక్కపెట్టించండి. మోదకశబ్దం సంతోషార్థకమైన ముద ధాతువు నుండి వచ్చింది, సంతోషింపజేసేది మోదకం. చేసేవేళ గద్దింపులు వినబడిన ఇంట ఆ పేరు సార్థకం కాదు.

నాలుగవ పాఠం: వాకిట, నీట

కృష్ణాష్టమి నాడు బియ్యపుపిండి తడిపి, బిడ్డ పిడికిలి పక్కభాగాన్ని అందులో ముంచి నేలమీద అద్దించండి. పైన అయిదు వేళ్లకు అయిదు చుక్కలు. కృష్ణపాదం సిద్ధం. గడప నుండి పూజామందిరం వరకు అద్దిన తరువాత, స్వామి ఇంట్లోకి నడిచి వచ్చాడని బిడ్డ నమ్ముతుంది. తెలంగాణలో బతుకమ్మ పండుగకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి పువ్వులతో అలంకరించి ఆడుకొనే సంప్రదాయం ఉన్నది. మాఘమాసానికి ముందే సంక్రాంతి ముగ్గులలో గొబ్బెమ్మలకు గుమ్మడిపువ్వులు పెట్టే పని పిల్లలదే. కార్తికంలో అరటిదొప్పను జానెడు ముక్కలుగా కోసి, వత్తి పెట్టి దీపనౌక చేయించండి. వెలిగించేది పెద్దలు, నీటిలో వదలేది పిల్లలు. ఏరు లేని నగరంలో పళ్లెం నిండా నీరు చాలు.

ఎంగిలి మాట

ఇక్కడ చాలామంది సందేహిస్తారు. “పిల్లలు నైవేద్యం మధ్యలో నోట్లో వేసుకొంటారు కదా, అపచారం కాదా?” అని. గౌతమధర్మసూత్రాలు ఉపనయనానికి పూర్వం బాలుని నడవడికి, మాటకు, తిండికి కట్టుబాట్లు పెట్టలేదు. ఇచ్ఛానుసారంగా ఉండవచ్చునన్నాయి. శాస్త్రమే దయ చూపినచోట మనం గద్దించడం తగదు. అయితే నియమం నేర్పడానికి సులభమైన ఉపాయం ఉన్నది. మొదటినుండి రెండు గిన్నెలు పెట్టండి: ఒకటి స్వామిది, ఒకటి బిడ్డది. బిడ్డ గిన్నెలోనిది తినవచ్చు. తిన్న తరువాత చేయి కడుక్కొని స్వామి గిన్నె ముట్టాలి. కొన్నాళ్లకు, నివేదన అయ్యేదాకా తన గిన్నెనూ ముట్టని పిల్లలను నేను చూచాను. ఎవరూ చెప్పకుండా తమంతట తామే పాటించే నిగ్రహం అది.

దిద్దకండి

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఒక ఇంట చవితి పూజకు వెళ్లాను. ఆ ఇంటి ఆరేళ్ల బాలుడు మూడు రోజులు కష్టపడి మట్టి వినాయకుని చేశాడు. ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. తొండం పక్కకు ఒరిగింది. బంధువులు వస్తారని పెద్దలు బజారు నుండి రంగుల విగ్రహం తెచ్చి పీటమీద పెట్టి, బాలుని వినాయకుని కిటికీలో పెట్టారు. పూజ జరుగుతున్నంతసేపూ ఆ బాలుడు కిటికీ వైపే చూశాడు. నేను దానిని తెప్పించి పీటమీద పెట్టించి, ఆ మూర్తికే ఆవాహన చేయించాను. పెద్దలు కొంత నొచ్చుకొన్నారు. తొండమే లేని పసుపుముద్దలోకి స్వామి వస్తాడని నమ్మి ప్రతి పూజా ఆరంభించే మనకు, తొండం ఒరిగినందుకు ఒక మూర్తిని కాదనే అధికారం లేదని వారికి మనవి చేశాను. అర్థం చేసుకొన్నారు.

నైవేద్యశబ్దానికి నివేదింపదగినదని అర్థం. బిడ్డ చేసినది ముచ్చటకు చేయించి, పక్కన పెట్టి, కొన్నది నివేదిస్తే బిడ్డకు తెలిసిపోతుంది, తన పని ఆట, పెద్దల పని పూజ అని. పూజ తనది కాదనే ఆ భావం ఒకసారి నాటుకొంటే, పదిహేనేళ్ల వయస్సులో ఆ బిడ్డను పూజకు రమ్మని ఎంత పిలిచినా రాదు. వంకరగా ఉన్న ఉండ్రం వంకరగానే పళ్లెంలోకి వెళ్లాలి. మీరు రాత్రి రహస్యంగా చెవులు సరిచేసినా తెల్లవారి బిడ్డ గుర్తుపడుతుంది. సహాయం అడిగితే చేయండి. అడగనప్పుడు చేతులు కట్టుకొని కూర్చోండి. పిల్లల ముందు పెద్దలు చేయవలసిన తపస్సు ఇదే.

ఉద్వాసన నాడు కొందరు పిల్లలు తమ వినాయకుని విడవలేక ఏడుస్తారు. ఏడవనివ్వండి. బిందెలో నీరు నింపి, బిడ్డ చేతితోనే మెల్లగా దించనివ్వండి. కొన్ని గంటలలో మూర్తి కరిగి మన్ను మన్నవుతుంది. ఆ నీటిని, మన్నును మొక్కపాదులో పోయించి, మళ్లీ ఏడాది అదే మన్నులో నుండి స్వామి వస్తాడని చెప్పండి. రాకపోకల వేదాంతమంతా ఆ వయస్సుకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

పెద్ద పండుగకోసం ఎదురుచూడనవసరం లేదు. వచ్చే శుక్రవారమో, శనివారమో, మీ ఇంటి ఆచారం ప్రకారం ఏ రోజు పూజ చేసుకొంటారో ఆ రోజు, నాలుగు చెంచాల పసుపు, ఒక తమలపాకు, గుప్పెడు బియ్యం మీ బిడ్డ ముందు పెట్టండి. బిడ్డ నిలిపిన గణపతికే మొదటి అక్షత వేయండి.

శుభం భూయాత్.