ఒక కేబుల్‌కు రెండు ఫ్యూజులు

మేనకోడలికి,

చెసపీక్ అఖాతంలో తిప్పే తెరచాప పడవకు రెండో బ్యాటరీ బ్యాంకు పెట్టాలన్న ఆలోచన, దాని వైరింగ్ బొమ్మ రెండూ అందాయి. బొమ్మలో చెయ్యి బాగా తిరిగింది. కానీ ఒక ఫ్యూజు తక్కువైంది. ఈ ఉత్తరమంతా దాని కోసమే.

పాత బ్యాంకు వెనక అమరం వైపు, ఇంజిన్ పక్కన ఉంది. కొత్తది ముందు అణియం వైపు, పడక కింద. నడుమ అయిదు మీటర్ల ఎర్ర కేబుల్. దానికి పాత బ్యాటరీ దగ్గర మాత్రమే ఫ్యూజు గీసి ఉంది. ఇంట్లో ఫ్యాను వైరుకు కరెంటు ఒక వైపు నుంచే వస్తుంది కాబట్టి అక్కడ ఒకటి చాలు. రెండు బ్యాటరీలను కలిపే కేబుల్‌కు రెండు కొసల నుంచీ కరెంటు వస్తుంది. అలల ఊపుకు కేబుల్ ఏ ప్లైవుడ్ అంచుకో ఒరుసుకుని, తొడుగు చిరిగి, ఇంజిన్ ఇనుముకు తగిలిందనుకుందాం. పాత బ్యాటరీ వైపు ఫ్యూజు ఠక్కున పోతుంది. కొత్త బ్యాటరీని ఆపేవాళ్లెవరు? అది తన బలమంతా ఆ చిరుగులోకే పోస్తుంది. రాగి కాగి ఎర్రబడుతుంది, చుట్టూ ఉన్న చెక్కా ఫైబర్‌గ్లాసూ అంటుకుంటాయి. అందుకే రెండో కొసకూ ఫ్యూజు ఉండి తీరాలి.

బ్యాటరీకి ఎంత దగ్గరగా? అమెరికాలో పడవలకు ప్రమాణాలు రాసే, ఆ అఖాతం ఒడ్డునే అన్నాపొలిస్‌లో ఉన్న ఏబీవైసీ సంస్థ 7 అంగుళాల లోపు అంటుంది. కేబుల్ నేరుగా బ్యాటరీకే బిగించి, పొడవునా అదనపు తొడుగు వేస్తే 72 అంగుళాల దాకా సడలింపు ఉంది. ఆ సడలింపు జోలికి పోకపోవడమే మామయ్యకు ఇష్టం. బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఫ్యూజులు దొరుకుతున్నాయి. ఇంజిన్ స్టార్టర్ కేబుల్‌కు మాత్రం ఈ నియమం లేదు.

ఇక ఫ్యూజు సైజు. ఫ్రిజ్ ఎంత లాగుతుంది, లైట్లు ఎంత లాగుతాయి అని కొత్తవాళ్లు లెక్కలు మొదలుపెడతారు. కానీ ఈ ఫ్యూజు కాపాడేది కేబుల్‌ను. 105 డిగ్రీలకు తట్టుకునే తొడుగున్న 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేడి ఇంజిన్ గదిలో కూడా సుమారు 180 ఆంపియర్లు మోస్తుంది. దానికి 150 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అయితే ఆ కేబుల్ మీటరుకు అర మిల్లీ ఓము నిరోధం చూపుతుంది. పోనూ రానూ పది మీటర్లు, 100 ఆంపియర్లు అంటే అర వోల్టు దారిలోనే పోతుంది. 12 వోల్టుల్లో అర వోల్టు చిన్నదేం కాదు. 70 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం సగమవుతుంది. ఉప్పుగాలికి తగరం పూత ఉన్నదే కొనాలి.

కొత్త బ్యాంకు లిథియం అయితే మరో అంకె చూడాలి: షార్టయినప్పుడు ఫ్యూజు ఎంత కరెంటును తెంపగలదు? లిథియం ఒక్క క్షణంలో వేల ఆంపియర్లు వదులుతుంది. మామూలు ఏఎన్‌ఎల్ ఫ్యూజు 6,000 దాకా తెంపుతుంది, టీ క్లాసుది 20,000 దాకా. తన హద్దు దాటితే ఫ్యూజు కరిగిన తర్వాత కూడా నిప్పురవ్వ ఆ ఖాళీని దాటుతూనే ఉంటుంది. కాబట్టి లిథియానికి టీ క్లాసే. పాత లెడ్ బ్యాటరీతో దాన్ని నేరుగా కలపకుండా, నడుమ డీసీ-డీసీ చార్జర్ పెట్టాలి.

రెండూ లెడ్ బ్యాటరీలే అయితే కలిపే ముందు వేటికవి నిండా చార్జి చేయాలి. లేకుంటే నిండినది ఖాళీదానిలోకి ఒక్కసారిగా దూకుతుంది. లగ్గులన్నీ క్రింప్ చేసి బిగించేదాకా రెండు ఫ్యూజులూ బయటే ఉండాలి. మల్టీమీటర్‌తో ఎర్ర కేబుల్‌కూ ఇంజిన్‌కూ మధ్య కంటిన్యుటీ లేదని చూశాక ఒక్కొక్కటే పెట్టాలి.

మామయ్య