మొదటి చెక్క ఓడ: కిట్ కొనే ముందు ఒకసారి గోదావరి వైపు చూడండి

ఈ మధ్య మన హాస్టల్లో రెండు మూడు గదులకు కొత్త పిచ్చి పట్టుకుంది. చెక్క ఓడ నమూనాలు కట్టడం. నా టేబుల్ మీద ఉన్న చిన్న పడవను చూసినవాళ్లంతా అడిగేది ఒకటే మాట: "అన్నా, మొదటి కిట్ ఏది తీసుకోవాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే పాఠంలా రాస్తున్నాను. మధ్యలో కొంచెం లెక్కలుంటాయి, భయపడకండి. ఇంజినీరింగ్ డ్రాయింగ్ పాసైనవాళ్లకు అవి చిల్లర లెక్కలే.

ముందే ఒక మాట. ఈ హాబీలో మొదటి కిట్లు చాలావరకు పూర్తికావు. సగం పలకలు అతికించాక మంచం కిందికి వెళ్లిపోతాయి. కాబట్టి మనం వెతకాల్సింది అందమైన ఓడను కాదు, చివరిదాకా కట్టగలిగే ఓడను. ఆ కట్టడం మనకు ఏదో ఒకటి నేర్పాలి. ఏం నేర్పాలో చివర్లో చెబుతాను.

పెట్టె మీద బొమ్మకు పడిపోకండి

ఎవరైనా మొదట వెతికేది హెచ్.ఎం.ఎస్. విక్టరీ. 1765లో నీళ్లలోకి దిగిన 104 ఫిరంగుల యుద్ధనౌక, మూడు తెరచాప కొయ్యలు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ లెక్క వేయండి. అసలు ఓడ పొడవు 227 అడుగులు. 1:72 స్కేల్లో కట్టినా మూడు అడుగులు దాటుతుంది. మన హాస్టల్ అల్మరాలో పట్టదు. ఫిరంగులన్నీ ఒకే రకంగా చేయాలి, తాళ్లకు వందల కొద్దీ ముడులు వేయాలి. అనుభవం ఉన్నవాళ్లకే ఏళ్లు పడుతుంది. నాలుగేళ్ల బీటెక్‌లో, సెమిస్టర్ పరీక్షల మధ్య, అది అయ్యే పని కాదు.

తాళ్లు, ఫిరంగులు, చెక్కడాలు అన్నీ అలంకారాలు. ఓడకు ప్రాణం దాని ఒళ్లు, అంటే నీటిని ఆనుకునే భాగం. మొదటి కిట్‌లో ఒళ్లు కట్టడం నేర్చుకుంటే చాలు. అందుకే చూడాల్సిన మొదటి ప్రశ్న "ఎంత పెద్ద ఓడ?" కాదు, "ఎలాంటి అడుగు?"

అడుగు సంగతి మన నదే చెబుతుంది

సముద్రపు ఓడకు కింద కీల్ ఉంటుంది. అంటే ముందునుంచి వెనకదాకా పోయే అడుగు దూలం. గాలి పక్కనుంచి తోసినప్పుడు ఓడ అడ్డంగా కొట్టుకుపోకుండా లోతైన అడుగు పట్టి ఉంచుతుంది. మన గోదావరి పడవకు ఆ సుఖం లేదు. భద్రాచలం దగ్గర వేసవిలో నది ఎలా ఉంటుందో మనకు తెలుసు: ఇసుక మేటలు, వాటి మధ్య సన్నని పాయలు. అదే నది 2022 జూలైలో 71.3 అడుగులకు, 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచింది. ఇలాంటి నదిలో లోతైన అడుగు ఉంటే పడవ ఏడాదిలో సగం రోజులు ఇసుకలో కూర్చోవాల్సిందే. అందుకే ఇక్కడి పడవలకు బల్లపరుపు అడుగు. గడ వేసి తోయవచ్చు, గట్టుమీంచి తాడుకట్టి లాగవచ్చు, ఇసుక మీదికి ఎక్కించి సరుకు దించవచ్చు.

ఈ నది పడవలకు ఎంత కష్టమో ఆర్థర్ కాటన్‌కూ తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, పడవల రాకపోకలను ఎగువకు పెంచాలని పథకం వేశారు. నదిలో రాళ్లు అడ్డుపడేచోట ఆనకట్టలు, లాకులు కట్టి పడవల్ని దాటించాలన్నది ఆలోచన. మన దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పథకంలోదే. ఖర్చు పెరిగి, 1871లో ఆ పని మొత్తం ఆపేశారు. పర్ణశాల వెళ్లే దారిలో దుమ్ముగూడెం దాటేటప్పుడు ఈసారి గుర్తు చేసుకోండి, అక్కడ ఒకప్పుడు పడవల కోసం మెట్లు కట్టాలని చూశారు.

సరే, మన పాఠానికి దీంతో ఏం సంబంధం? బల్లపరుపు అడుగున్న పడవ నదికే కాదు, కొత్తగా నేర్చుకునే చేతికి కూడా మంచిది. వంపులు తక్కువ, పలకలు తక్కువ.

కట్టే పద్ధతులు నాలుగు

ఒకటి, గట్టి దిమ్మ. ఒకే దుంగను చెక్కడం, లేదా పలకల్ని దొంతరగా అతికించి చెక్కడం. మన తాటిదోనె ఈ జాతిదే, కాకపోతే అది లోపల తొలిచింది. ఆకారం మీద పట్టు వస్తుంది కానీ పలక వేయడం రాదు.

రెండు, అడ్డుపలకల మీద పలకలు. మధ్యలో వెన్నెముకలా ఒక చెక్క, దానికి అడ్డంగా పక్కటెముకల్లా అరడజనో డజనో ఆకారాలు, వాటి మీద సన్నని పట్టీలు. మార్కెట్లో ఎక్కువ కిట్లు ఇవే. వీటిలో కొన్నిటికి రెండు పొరలు వస్తాయి. లోపలి పొరలో వంకర వచ్చినా సాండ్ పేపర్‌తో సరిచేసి, పైన పలచటి మంచి చెక్క అతికించవచ్చు. కొత్తవాళ్లకు రెండు పొరల కిట్ క్షమించే గురువు లాంటిది.

మూడు, అసలు ఓడ కట్టినట్టే ప్రతి పక్కటెముకనూ విడిగా చేసి కట్టడం. ఇది ఇప్పుడు మన జోలి కాదు.

నాలుగు, బల్లపరుపు అడుగు పడవ. ఒక అడుగు పలక, నాలుగైదు ఫ్రేములు, పక్కకు మూడు నాలుగు వెడల్పాటి పలకలు. మన మొదటి కిట్ ఇదే కావాలి.

స్కేలు లెక్క

1:48 అంటే అసలు పడవలో ఒక అడుగు, నమూనాలో పావు అంగుళం. 1:24 అంటే అర అంగుళం. 24 అడుగుల పడవ 1:48లో ఆరంగుళాలు, 1:24లో అడుగు. చిన్నదైతే తేలిక అనుకుంటాం కదా, నిజానికి తిరగబడుతుంది. 1:48లో మనిషి అంగుళంన్నర ఎత్తు కూడా ఉండడు. అతని చేతిలో తెడ్డు అగ్గిపుల్ల కంటే సన్నం. మన వేళ్లు మాత్రం స్కేలుకు తగ్గవు! కాబట్టి చిన్న పడవను పెద్ద స్కేల్లో కట్టండి: 1:24, 1:16, 1:12. పెద్ద ఓడను చిన్న స్కేల్లో కట్టే పని తర్వాత చూద్దాం.

పలక లెక్క

కిట్ మంచం కిందికి పోయేది ఇక్కడే. ఓడ నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం. పలకల సంఖ్య మాత్రం రెండుచోట్లా ఒకటే. మరి పలక ఒకే వెడల్పు ఉంటే ఎలా సరిపోతుంది?

ఉదాహరణ: ఒక పక్క నడుము చుట్టుకొలత 120 మి.మీ., పలక వెడల్పు 5 మి.మీ. అంటే 24 పలకలు కావాలి. ముక్కు దగ్గర చుట్టుకొలత 72 మి.మీ. మాత్రమే. 72ని 24తో భాగిస్తే 3 మి.మీ. అంటే ప్రతి పలకనూ నడుము దగ్గర 5 నుంచి ముక్కు దగ్గర 3కు చిత్రిక పట్టి సన్నం చేయాలి. ఇది చేయకుండా అతికించుకుంటూ పోతే పలక పక్కకు వంగనంటుంది, పైకి లేస్తుంది, బలవంతం చేస్తే విరుగుతుంది.

ఇంకో నియమం: చివర వెడల్పు సగం కంటే తగ్గకూడదు. పై లెక్కలో సగం 2.5, మనకు 3 వచ్చింది, పర్వాలేదు. ముక్కు దగ్గర 48 మి.మీ. మాత్రమే ఉంటే పలకకు 2 మి.మీ. వస్తుంది. అప్పుడు కొన్ని పలకల్ని ముక్కుదాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపి, పక్క పలకలో కలపాలి. కొనే ముందు కిట్ సూచనల పుస్తకం దొరికితే చూడండి. ఈ సంగతి బొమ్మలతో వివరించి ఉంటే మంచి కిట్. "పలకలు అతికించండి" అని ఒక్క వాక్యంతో దాటేస్తే దండం పెట్టి పక్కన పెట్టండి.

చెక్క, జిగురు, పనిముట్లు

కిట్లలో వచ్చేవి ఎక్కువగా బాస్‌వుడ్, లైమ్‌వుడ్, వాల్‌నట్, బీచ్. బాస్‌వుడ్ మెత్తగా, నార సన్నగా ఉంటుంది. కొత్తవాళ్లకు అది బాగా కుదురుతుంది. బాల్సా మరీ మెత్తన, గోరు తగిలినా గుంట పడుతుంది. మనవాళ్లు కొండపల్లి బొమ్మకు పొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు ఎంచుకోవడం ఊరికే కాదు. తేలిక చెక్క, కత్తికి లొంగే నార. పని నేర్పే చెక్క అంటే అదే.

టేకు సంగతి. అసలు పడవకు టేకు రాజు. మన ఏజెన్సీ టేకును తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించిన రోజులున్నాయి. నమూనాకు మాత్రం టేకు నార ముతక, సన్నని పట్టీ తీస్తే చీలుతుంది. ఎవరికైనా సరదా పుట్టినా అడవి నుంచి ముక్క తేకండి. అది నేరం, అడవికీ మంచిది కాదు. వడ్రంగి షాపులో అడిగితే మిగులు ముక్కలు ఇస్తారు, ఒక టీ ఖర్చు అంతే.

జిగురు తెల్ల ఫెవికాలే. ఆరడానికి టైం పడుతుంది, ఆలోపు సరిచేసుకోవచ్చు. ఫెవిక్విక్ లాంటివి ఆఖర్లో చిన్న ముక్కలకే. పలక వంచడానికి వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, ఆకారానికి బట్టల క్లిప్పులతో పట్టించి, ఆరాక అతికించాలి. తడి పలకను వెంటనే అతికిస్తే ఆరినప్పుడు కుంచించుకుపోయి సందులు వస్తాయి. మన వైపు వానాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది కూడా. జూలై, ఆగస్టుల్లో పలకల పని పెట్టుకోకపోవడం మేలు.

పనిముట్లకు పెద్ద బాక్స్ కొనకండి. ఒక సన్నని కత్తి, చిన్న ఆకురాయి, మూడు రకాల సాండ్ పేపర్, స్టీలు స్కేలు, ట్వీజర్, రెండు డజన్ల క్లిప్పులు. చాలు.

అయితే ఏది కొనాలి?

అమెరికా కంపెనీ మోడల్ షిప్‌వేస్ కొత్తవాళ్ల కోసమే మూడు కిట్ల వరస చేసింది. మొదటిది లోవెల్ గ్రాండ్ బ్యాంక్స్ డోరీ, 1:24. రెండోది నార్వేజియన్ సెయిలింగ్ ప్రామ్, 1:12. మూడోది మస్కాంగస్ బే లాబ్‌స్టర్ స్మాక్, 1:24. ఒకదాన్ని మించి ఒకటి కష్టం. నా ఓటు డోరీకి. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చేపలు పట్టే జాలరులు వాడిన పడవ అది. బల్లపరుపు అడుగు, పక్కలు బయటికి వాలి ఉంటాయి. లోపలి అడ్డబల్లలు తీసేస్తే ఒకదానిలో ఒకటి గిన్నెల్లా పేర్చి పెద్ద ఓడ మీద పట్టుకెళ్లేవారు. ఎక్కడి అట్లాంటిక్, ఎక్కడి గోదావరి! అయినా అడుగు చూస్తే దూరపు చుట్టాల్లా ఉంటాయి.

బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిసి కిట్ ధరను బాగా పెంచుతాయి. మొత్తం లెక్క తేలాకే ఆర్డర్ పెట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కిట్ కొనుక్కున్నా తప్పులేదు. డబ్బు కుదరకపోతే అట్టముక్కలు, ఐస్‌క్రీం పుల్లలతో ముందు ఒక డోరీ కట్టండి. లెక్క అదే, జిగురు అదే.

ఒళ్లు తయారయ్యాక రంగు వేసేముందు ఒక ప్రయోగం. పాలిథిన్ కవర్‌లో చుట్టి బకెట్ నీళ్లలో వదలండి. రూపాయి బిళ్లలు అడుగున పెట్టి పక్కకు వంచి వదిలితే మళ్లీ నిలబడుతుంది. అవే బిళ్లల్ని అగ్గిపెట్టెల దొంతర మీద ఎత్తుగా పెట్టి చూడండి, తొందరగా తిరగబడుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మెటాసెంటర్ అని బట్టీ పట్టేది ఇదే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి మన వైపు వాళ్లకు ఇది పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు.

కిట్ తర్వాత అసలు పని

ఇంతకీ మొదటి కిట్ ఏం నేర్పాలి అంటే, నా జవాబు ఇది: కిట్ లేని పడవను కట్టడం నేర్పాలి.

యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంది. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించి, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు లాక్కోడని మాటిచ్చాడు. కోరంగిలో ఓడలే కట్టారు. ఇంత చరిత్ర ఉన్నా నేను వెతికిన ఏ దుకాణంలోనూ గోదావరి పడవ కిట్ కనిపించలేదు. 1965లో భద్రాచలం వంతెన వచ్చేదాకా రాములవారి కల్యాణానికి ఇటునుంచి వెళ్లే జనం రేవు దాటింది పడవల మీదే. ఇప్పుడు ఘాట్ దగ్గర ఎక్కువగా ఇనుప లాంచీలే. చెక్క పడవ ఒకటి పాడైతే దాని కొలతలు కూడా దాంతోనే పోతాయి. ఎందుకంటే అవి వడ్రంగి చేతిలో ఉంటాయి, కాగితం మీద కాదు.

కొలవడం కష్టమేం కాదు. గట్టు మీదికి లాగిన పడవ దొరికితే, పడవవాళ్లను అడిగి, ముందు నుంచి వెనక్కి మధ్యలో ఒక దారం కట్టండి. ప్రతి రెండు అడుగులకు ఒక గుర్తు. 24 అడుగుల పడవకు 13 గుర్తులు. ప్రతి గుర్తు దగ్గర దారం నుంచి పక్క అంచుకు ఎంత, అడుగు అంచుకు ఎంత, లోతు ఎంత, టేపుతో, మేస్త్రీ తూకం గుండుతో కొలిచి రాసుకోండి. 1:24లో గీస్తే ఆ గుర్తులు సరిగ్గా అంగుళానికి ఒకటి పడతాయి. పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా మూడు బొమ్మలు గీయండి. మొదటి సంవత్సరంలో డ్రాఫ్టర్ మోసుకుంటూ నేర్చుకున్నది ఇదే కదా. పడవలో ప్రతి భాగాన్నీ అక్కడివాళ్లు ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు పక్కన రాయండి. మన సాహిత్య క్లబ్బుకు ఆ పేర్లే అసలు సంపద.

నేను డోరీ పూర్తిచేశాను, ఇప్పుడు ఒక పడవ కొలతలు తీసుకుంటున్నాను. 13 గుర్తుల్లో 8 అయ్యాయి. గోదావరి దిగాక మిగతావి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. వచ్చేవాళ్లు సివిల్ అయినా, కంప్యూటర్స్ అయినా ఫర్వాలేదు, ఇసుకలో నడవగలిగితే చాలు.